బిలియర్డ్స్ వీరుడు విల్సన్ జోన్స్

క్రీడలు పలు విధములు. కొన్నిటికి దేహబలము ముఖ్యము; కొన్నిటికి వేగము ముఖ్యము. ఒక బల్లయొద్ద నిలిచి, ఊపిరి బిగబట్టి, కర్ర మొనతో ఒక చిన్న బంతిని తాకించుటయే సర్వస్వముగా గల క్రీడ బిలియర్డ్స్. ఈ ఆటలో పరుగులు లేవు; కేకలు లేవు; ధూళి రేగదు. చూచువారు సైతము దెబ్బ పూర్తియగువరకు నోరు మెదపరు. అట్టి నిశ్శబ్దపు ఆటలో 1958వ సంవత్సరమున కలకత్తా నగరమందు ఒక భారతీయుడు ప్రపంచ విజేత ఆయెను. ఆయనయే విల్సన్ జోన్స్.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప మన దేశము 1948, 1952, 1956 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలలో హాకీయందు స్వర్ణపతకములను గెలుచుకొనెను. అవి జట్టుగా సాధించిన విజయములు. తోడు లేక, ఒంటరిగా పోరాడి, ఒక క్రీడలో ప్రపంచ విజేత అనిపించుకొనిన తొలి భారతీయుడు జోన్స్ అని మన క్రీడాచరిత్ర కీర్తించుచున్నది.

మన పెద్దలలో పలువురకు ఈ ఆటయందు సదభిప్రాయము లేకుండెను. ఇది క్లబ్బులలో ప్రొద్దుపోని ధనికుల ఆటయనియు, పందెములకు దారితీయుననియు, విద్యార్థి ఆ గదిలో అడుగు పెట్టినచో చదువు అటకెక్కుననియు వారు తలచెడివారు. ఈ మాట పూర్తిగా నిరాధారము కాదు. పందెములకు బానిసలై కాలమును ధనమును పోగొట్టుకొనినవారు లేకపోలేదు. అట్లయిన, ఆ బల్లయే ఒకనికి కాలక్షేపమై, మరియొకనికి తపస్సు ఎట్లాయెను? జోన్స్ జీవితమునుండి మనము తెలిసికొనవలసినది ఇదియే.

బిలియర్డ్స్ మన దేశమున పుట్టిన ఆట కాదు. ఆంగ్లేయులు దీనిని తమతో తెచ్చిరి. సైనికాధికారుల భోజనశాలలయందును, దొరల క్లబ్బులయందును ఈ బల్లలు వెలసెను. దీనికి తోబుట్టువైన స్నూకర్ అను ఆట మాత్రము ఈ గడ్డపైననే జన్మించెను. 1875వ సంవత్సరమున జబల్పూరులోని ఆంగ్ల సైనికాధికారుల నడుమ అది పుట్టినదనియు, తరువాత ఉదకమండలపు క్లబ్బులో దాని నియమములు స్థిరపడినవనియు చెప్పుదురు.

బిలియర్డ్స్ బల్ల పండ్రెండడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గలది. చదునైన పలకరాతిపై ఆకుపచ్చని ఉన్నిగుడ్డ బిగించి, చుట్టును రబ్బరు అంచులు అమర్చుదురు. నాలుగు మూలలను, పొడవైన రెండు అంచుల నడుమను, మొత్తము ఆరు సంచులు ఉండును. ఆటకు మూడే బంతులు: ఇద్దరు ఆటగాండ్రకు చెరియొకటి, ఎఱ్ఱనిది ఒకటి. ఎఱ్ఱబంతిని సంచిలో పడవేసినచో మూడు పాయింట్లు; ఎదుటివాని బంతిని పడవేసినచో రెండు. తన బంతి తక్కిన రెండు బంతులను తాకినచో రెండు పాయింట్లు. దీనిని కేనన్ అందురు. తన బంతియే ఎఱ్ఱబంతిని తాకి సంచిలో పడినచో మూడు, ఎదుటివాని బంతిని తాకి పడినచో రెండు. పాయింటు వచ్చుచున్నంతవరకు ఆటగాడు ఆడుచునే యుండును. ఒక్క దెబ్బ వృథాయైనచో వంతు ఎదుటివానిదగును.

వినుటకు ఇది సులభముగ తోచును. కష్టమెక్కడ ఉన్నదో చూడుడు. ఎదురుగా నున్న ఎఱ్ఱబంతిని సంచిలోనికి నెట్టుట కొన్నాళ్ల సాధనతో ఎవరికైనను పట్టుబడును. కాని ఆ దెబ్బ తరువాత తన బంతి ఎచ్చట ఆగవలెను? మరుదెబ్బకు మూడు బంతులును అనువైన చోట నిలుచునా? నేర్పరి ప్రతి దెబ్బతోను రెండు పనులు చేయును: ఇప్పటి పాయింటును సంపాదించును, రాబోవు దెబ్బకు దారి వేసికొనును. ఎదుటివాని బంతిని సంచిలో పడవేసినచో రెండు పాయింట్లు వచ్చును గాని, ఆడువాని వంతు ముగియువరకు ఆ బంతి తిరిగి బల్లపైకి రాదు. అంతవరకు కేనన్ కొట్టుటకు వీలుండదు. అందుచే చేతికి అందిన రెండు పాయింట్లను వదలుకొనుటయే ఒక్కొక్కప్పుడు వివేకమగును.

ఈ ఆటలో మరియొక పరీక్ష కలదు. కబడ్డీలో ఎదుటివానిని పట్టవచ్చును. టెన్నిసులో అతడు కొట్టిన బంతిని తిరుగగొట్టవచ్చును. బిలియర్డ్స్‌లో ఎదుటివాడు ఆడుచున్నంతసేపు చేయదగినది ఏమియు లేదు. కుర్చీలో కూర్చుండి, అతని పాయింట్లు వందలుగా పెరుగుచుండ చూచుచుండవలెను. అట్లు చాలసేపు కూర్చుండినవాడు లేచి వచ్చి, చేయి వణకక, మనస్సు చెదరక, తొలిదెబ్బ సరిగా కొట్టవలెను. కావున కూర్చుండుట కూడ ఈ ఆటలో ఒక భాగమే.

విల్సన్ జోన్స్ 1922వ సంవత్సరము మే 2వ తేదీన పుణె నగరమున ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబములో జన్మించెను. ఆయన 1948లో స్నూకర్ ఆటయందు జాతీయ విజేత ఆయెను. 1950లో బిలియర్డ్స్ జాతీయ విజేతృత్వమును తొలిసారి గెలుచుకొనెను. అది మొదలు 1966 వరకు బిలియర్డ్స్‌లో పండ్రెండు సార్లును, స్నూకర్‌లో మొత్తము ఐదు సార్లును జాతీయ విజేతగా నిలిచెను. ఒకసారి గెలుచుటకు ప్రతిభ చాలవచ్చును. పదునారేండ్ల కాలములో పండ్రెండు సార్లు గెలుచుటకు క్రమశిక్షణ కావలెను.

స్వదేశమున మేటియైనంత మాత్రమున లోకమున మేటి కాజాలడు. ఆటను జీవనోపాధిగా గైకొనని వారికి జరుగు ప్రపంచ పోటీలలో ఆ రోజులయందు ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములవారిదే పైచేయి. 1951లో లండనునందు ఆస్ట్రేలియావాడైన బాబ్ మార్షల్, 1952లో కలకత్తాయందు ఇంగ్లండుకు చెందిన లెస్లీ డ్రిఫీల్డ్, 1954లో సిడ్నీయందు ఆస్ట్రేలియావాడైన టామ్ క్లియరీ విజేతలైరి. జోన్స్ జాతీయ విజేత అయిన తరువాత ప్రపంచ విజేత అగుటకు ఎనిమిది సంవత్సరములు పట్టెను. ఎదుటివాడు ఆడుచుండ ఓర్పుతో కూర్చుండవలెనని నేర్పు ఆట, ఆయనను ఎనిమిదేండ్లు అట్లే నిలిపి ఉంచెను. 1958లో పోటీ మరల కలకత్తాకు వచ్చెను. ఈసారి కిరీటము జోన్స్‌ను వరించెను. పాలకులు తెచ్చిన ఆటలో, వారు ఈ దేశమును వీడిన పదునొకండేండ్లకు, ఒక భారతీయుడు అగ్రపీఠమున కూర్చుండెను.

విజయము వచ్చుట ఒక పరీక్ష. అది చేజారుట అంతకంటె పెద్ద పరీక్ష. 1960లో ఎడిన్‌బరోనందు హెర్బర్ట్ బీథమ్, 1962లో పెర్త్‌నందు మరల బాబ్ మార్షల్ ప్రపంచ విజేతలైరి. ఒక పర్యాయము శిఖరమెక్కి దిగినవాడు తిరిగి ఎక్కుట అరుదు. ‘వచ్చిన కీర్తి చాలును’ అని ఇంట కూర్చుండువారే ఎక్కువ. జోన్స్ అట్లు తలపలేదు. 1964లో న్యూజీలాండు దేశమందలి పుకెకోహె పట్టణమున జరిగిన పోటీలో ఆయన రెండవసారి ప్రపంచ విజేత ఆయెను. అప్పటికి ఆయన వయస్సు నలుబది రెండేండ్లు. మొదటి విజయము స్వదేశమున, తనవారి నడుమ లభించెను. రెండవది సముద్రములకు ఆవల, పరాయి గడ్డపై లభించెను. మొదటిది అదృష్టమని సందేహించువాడు ఎవడైన ఉండినచో, వానికి ఇదియే సమాధానము.

భారత ప్రభుత్వము ఆయనకు అర్జున పురస్కారమును, 1965లో పద్మశ్రీ బిరుదమును ఇచ్చి గౌరవించెను. పోటీలనుండి విరమించిన పిదప ఆయన బల్లను విడువలేదు. దాని ప్రక్క గురువై నిలిచెను. తాను చిరకాలము శ్రమించి గడించిన నేర్పును యువకులకు బోధించెను. శిక్షకులకు ఇచ్చు ద్రోణాచార్య పురస్కారము 1996లో ఆయనకు లభించెను. శిష్యులకు ఇచ్చు పురస్కారము అర్జునుని పేర, గురువులకు ఇచ్చునది ద్రోణుని పేర ఏర్పడినవి గదా! ఒక్కని జీవితములోనే ఈ రెండును చేరుట ఎంతటి భాగ్యము! 2003వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన ముంబయిలో ఆయన కన్నుమూసెను.

జోన్స్ తెరచిన బాటలో తరువాతివారు నడచిరి. మైకేల్ ఫెరీరా 1977, 1981, 1983 సంవత్సరములలో ఔత్సాహికుల ప్రపంచ బిలియర్డ్స్ విజేత ఆయెను. 1984లో ఓం అగర్వాల్ ఔత్సాహికుల స్నూకర్‌లో ప్రపంచ విజేతగా నిలిచెను. 1985లో గీత్ సేథీ ఆ వరుసలో చేరెను. ఆ 1985లోనే, జోన్స్ పుట్టిన పుణె నగరముననే జన్మించిన పంకజ్ అద్వానీ, పెద్దవాడై ఈ రెండు ఆటలయందును కలిపి ఇరువదికి మించిన ప్రపంచ విజయములను సాధించెను. వీరందరు ఆయనయొద్ద శిష్యరికము చేసినవారని కాదు. భారతీయుడు ఈ ఆటలో లోకమును జయింపగలడా యను సందేహము వారి కాలమునకు మిగులలేదు. దానిని తీర్చినవాడు జోన్స్.

బాలబాలికలారా! పెద్దల భయమును జోన్స్ జీవితమును ప్రక్కప్రక్కన ఉంచి చూడుడు. దోషము బల్లలో లేదు. దానియొద్దకు పోవువాని మనస్సులో ఉన్నది. పందెమునకై ఆడువాడు నేటి దెబ్బనే చూచును. సాధకుడు రేపటి దెబ్బకు కూడ దారి వేయును. గెలుపునకు పొంగక, ఓటమికి క్రుంగక, తన వంతు వచ్చువరకు ఓర్చి, వచ్చినప్పుడు నిబ్బరముగా ఆడి, తుదకు తాను నేర్చినదానిని తరువాతివారి చేతికి అందించి వెడలిన ఆ వీరుని జీవితము ఏ వృత్తిలోని వారికైనను ఆదర్శప్రాయము.

ప్రశ్నలు

1. బిలియర్డ్స్ ఆటలో పాయింట్లు ఏయే విధములుగా లభించును?

2. ‘కూర్చుండుట కూడ ఈ ఆటలో ఒక భాగమే’ — ఈ మాటను వివరింపుడు.

3. జోన్స్ రెండవ ప్రపంచ విజయము మొదటిదానికంటె ఏ విధముగ విశిష్టమైనది?

4. ఒకే ఆట ఒకనికి వ్యసనముగను, మరియొకనికి సాధనగను ఎట్లు మారును? మీరెరిగిన మరియొక ఆటను ఉదాహరణముగా గైకొని పది వాక్యములు వ్రాయుడు.