ముందొచ్చినవాడే ఆగాలి: డిలే లైన్ అసలేం చేస్తుంది?

ఇయర్‌బడ్స్ రివ్యూ రాసినప్పుడల్లా ‘ల్యాగ్’ని నేను మైనస్ పాయింట్ల లిస్టులోనే వేస్తాను. ఆలస్యం అంటే లోపం, ఎంత తక్కువుంటే అంత మంచిది. ఇంతే నా లెక్క. మొన్న శ్రీరామనవమికి మా ఊరెళ్లాక ఆ లెక్క సగమే కరెక్టని తెలిసింది.

గుడి ముందు వీధి పొడవునా పందిరి వేశారు. వేదిక దగ్గర ఒక జత స్పీకర్లు, పందిరి చివర ఇంకో జత. మా నాయనమ్మ మోకాళ్ల నొప్పులతో ముందుకి వెళ్లలేక చివర్లోనే కుర్చీ వేయించుకుంది. పంతులుగారు మైకులో కల్యాణ ఘట్టం వివరిస్తున్నారు. కాసేపటికి నాయనమ్మ చిరాకుపడి, “ఒరేయ్, పంతులుగారు ప్రతి ముక్కా రెండేసిసార్లు చెప్తున్నారేంట్రా? ఒక్కటీ అర్థమవట్లేదు” అంది. ఏడాదంతా ఎదురుచూసే కల్యాణం ఆవిడకి. నేను గాడ్జెట్ల గురించి రాసేవాణ్ణి కదా, నేరుగా మైక్ సెట్ అన్న దగ్గరికెళ్లి సలహా ఇచ్చేశాను: “అన్నా, ముందు స్పీకర్ల సౌండ్ పెంచు, వెనకదాకా క్లియర్‌గా వస్తుంది.” పెంచాడు. వెనక గోల ఇంకా ఎక్కువైంది.

ఆయన నన్నేమీ అనలేదు. వేదిక దగ్గర్నుంచి వెనక స్పీకర్ దాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచొచ్చాడు. “ముప్ఫై అయిదు మీటర్లుంటది” అని, చిన్న డిజిటల్ మిక్సర్‌లో వెనక స్పీకర్ల డిలేని 110 మిల్లీసెకన్లు చేశాడు. అంతే, రెండో గొంతు మాయం! నేను నోరు తెరిచేలోపే ఆయనే అన్నాడు: “తమ్ముడూ, గాలిలో వచ్చే శబ్దాన్ని తొందరపెట్టలేం కదా. వైరులో ముందొచ్చినదాన్నే కాస్త ఆగమన్నా.”

ఇవాళ్టి పాఠం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. మిగతాదంతా వివరణే.

పందిట్లో ఏం జరిగింది?

మైకు నుంచి వెనక స్పీకర్‌కి వెళ్లేది కరెంటు సిగ్నల్. వైరులో అది దాదాపు సెకనుకి 2 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది, అంటే మనకి వెంటనే చేరినట్టే. ముందు స్పీకర్ నుంచి వచ్చే శబ్దం మాత్రం గాలిలో ప్రయాణించాలి. మన ఎండల్లో శబ్ద వేగం సెకనుకి సుమారు 350 మీటర్లు. 35 మీటర్లు రావడానికి 0.1 సెకను, అంటే 100 మిల్లీసెకన్లు పడుతుంది. కాబట్టి నాయనమ్మకి ముందు పక్కనున్న స్పీకర్ మాట, పదో వంతు సెకను తర్వాత వేదిక దగ్గరి స్పీకర్ మాట వినిపించాయి. నేను ముందు స్పీకర్ల సౌండ్ పెంచమనడం అంటే ఆ రెండో గొంతునే పెంచమనడం!

మరి లెక్క ప్రకారం 100 చాలు కదా, 110 ఎందుకు? ఇక్కడే మన చెవి సంగతి తెలియాలి. ఒకే శబ్దం కొద్దిపాటి తేడాతో రెండుసార్లు చేరితే, మెదడు రెంటినీ ఒకటిగా కలిపేసి, ముందు చేరిన వైపు నుంచే వచ్చిందనుకుంటుంది. దీన్ని హాస్ ఎఫెక్ట్ అంటారు. జర్మనీకి చెందిన హెల్ముట్ హాస్ 1949లో తన పరిశోధనలో వివరించాడు. మాటల విషయంలో సుమారు 30 మిల్లీసెకన్ల దాకా ఇది బాగా పనిచేస్తుంది. 50 దాటితే ప్రతిధ్వనిలా విడిగా వినబడడం మొదలవుతుంది. అందుకే వెనక స్పీకర్‌ని ఇంకో 10 మిల్లీసెకన్లు ఆపితే, సౌండ్ పక్కనుంచే వస్తున్నా గొంతు వేదిక మీదినుంచే వస్తున్నట్టుంటుంది. మైక్ సెట్ అన్న నోట హాస్ అన్న పేరు నేను వినలేదు. అడుగులు లెక్కపెట్టాడు, చెవితో సరిచూసుకున్నాడు, అంతే.

డిలే లైన్ అంటే

ఒక సిగ్నల్‌ని పాడుచేయకుండా, మనం చెప్పినంతసేపు ఆపి, తర్వాత వదిలే ఏర్పాటే డిలే లైన్. అది రాగి తీగ కావచ్చు, గాజు ముక్క కావచ్చు, మెమరీలో కొన్ని అంకెలు కావచ్చు. దాని పరిమితి కూడా ఒక్కటే: ఆపగలదు కానీ, ముందుకి లాగలేదు. రెండు సిగ్నళ్లు కలవాలంటే, ముందొచ్చినదే వెనకదాని కోసం ఆగాలి.

మదర్‌బోర్డు మీద మెలికల ముగ్గు

పీసీ మదర్‌బోర్డులో ప్రాసెసర్‌కీ ర్యామ్ స్లాట్‌కీ మధ్య చూడండి. కొన్ని రాగి గీతలు తిన్నగా పోకుండా, మెలికల ముగ్గులా వంకరలు తిరుగుతూ ఉంటాయి. అందం కోసం కాదు, అవీ డిలే లైన్లే.

బోర్డు మీద సిగ్నల్ ఒక నానోసెకనులో సుమారు 15 సెంటీమీటర్లు వెళ్తుంది. డీడీఆర్4 3200 ర్యామ్‌లో ఒక్కో లైను మీద ఒక్కో బిట్‌కి దొరికే టైము 312.5 పికోసెకన్లే. ఒక గీత పక్కదానికంటే ఒక సెంటీమీటర్ పొట్టిగా ఉంటే, దాని బిట్ సుమారు 67 పికోసెకన్లు ముందే వచ్చేస్తుంది. అంటే బిట్ టైములో ఐదో వంతు పైనే తేడా. ఒకే గుంపులో రావాల్సిన బిట్లు ఇలా తలో టైముకి వస్తే డేటా తప్పుగా చదివే ప్రమాదం ఉంటుంది. పొడవు గీతని కోయలేం కాబట్టి, పొట్టి గీతకి మెలికలు వేసి పొడవు పెంచుతారు. పందిట్లో అన్న చేసింది కూడా ఇదే, కొలత మాత్రమే వేరు.

పాదరసంలో మెమరీ, గాజులో రంగు

ఎక్కువసేపు ఆపాలంటే తీగ పనికిరాదు. 64 మైక్రోసెకన్లు ఆపాలన్నా సుమారు 13 కిలోమీటర్ల కేబుల్ కావాలి! అందుకే ఇంజనీర్లు ఒక ఉపాయం పట్టారు. కరెంటు సిగ్నల్‌ని శబ్ద తరంగంగా మార్చి, నెమ్మదిగా నడిపించి, అవతలి చివర మళ్లీ కరెంటుగా మార్చడం.

కేంబ్రిడ్జ్‌లో మారిస్ విల్క్స్ బృందం కట్టిన ఎడ్‌సాక్ కంప్యూటర్ 1949 మేలో మొదటి ప్రోగ్రామ్ నడిపింది. దాని మెమరీ సుమారు ఒకటిన్నర మీటర్ల పొడవుండే పాదరసం గొట్టాలు. ఒక చివర క్రిస్టల్ కంపిస్తే, ఆ తరంగం అవతలికి చేరడానికి ఒక మిల్లీసెకనుకి కాస్త పైనే పట్టేది. ఈలోపు ఒక్కో గొట్టంలో 576 బిట్లు ఒకదాని వెనక ఒకటి ప్రయాణిస్తూ ఉండేవి. అవతల చేరినవాటిని సరిచేసి మళ్లీ మొదటికి పంపేవారు. అలా తిరుగుతున్నంతసేపే మెమరీ! కావాల్సిన బిట్ వచ్చేదాకా కంప్యూటర్ ఆగాల్సిందే.

గాజు కథ మన ఇళ్లకి సంబంధించినది. 1982లో దూరదర్శన్ కలర్ ప్రసారాలు మొదలుపెట్టినప్పుడు వాడింది పాల్ పద్ధతి. దారిలో సిగ్నల్ కాస్త అటూఇటూ అయితే తెరమీద రంగు మారిపోతుంది. అందుకని పాల్‌లో రంగు సమాచారంలో ఒక భాగాన్ని లైను మార్చి లైనుకి తిరగేసి పంపేవారు. టీవీ ముందు లైనుని దాదాపు ఒక లైను టైము, అంటే 64 మైక్రోసెకన్లు, ఆపి ఇప్పటి లైనుతో కలిపితే ఒకదాని తప్పు ఇంకోదాని తప్పుని కొట్టేసేది. ఆ ఆపే పని చేసింది ఒక చిన్న గాజు పలక. తరంగం లోపల గోడలకి తగిలి అటూఇటూ తిరుగుతూ కావల్సిన దూరాన్ని పూర్తిచేసేది. పాత డబ్బా టీవీ రిపేరుకి విప్పినప్పుడు ఆ భాగాన్ని మీలో కొందరి నాన్నలు చూసే ఉంటారు.

మీ ఇయర్‌బడ్స్‌లో

ఇప్పుడు పాదరసం, గాజు అక్కర్లేదు. సౌండ్‌ని సెకనుకి 48,000 అంకెలుగా మార్చి మెమరీలో పెడతాం. గుండ్రంగా పేర్చిన గిన్నెలు ఊహించుకోండి. ఒక చెయ్యి వరసగా ఒక్కో గిన్నెలో అంకె వేస్తూ పోతుంది, ఇంకో చెయ్యి కొన్ని గిన్నెల వెనక నుంచి తీస్తూ వస్తుంది. రెండు చేతుల మధ్య దూరమే డిలే. ఆ లెక్కన 100 మిల్లీసెకన్లంటే 4,800 గిన్నెలు.

కాల్ మాట్లాడేటప్పుడు ఇదే మీ గొంతుని ట్రాఫిక్ గోలలోంచి బయటికి తీస్తుంది. బడ్ మీద రెండు మైకులు 2 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. మీ నోటి వైపున్న మైకుకి మాట సుమారు 57 మైక్రోసెకన్లు ముందు చేరుతుంది. దాన్ని అంతసేపు ఆపి రెండోదానితో కలిపితే మీ గొంతు గొంతుతో సరిగ్గా కలిసి బలపడుతుంది. పక్కనుంచి వచ్చే హారన్ అలా కలవదు, వెనకబడుతుంది. 57 మైక్రోసెకన్లంటే మూడు అంకెల టైము కూడా కాదు, అందుకే రెండు అంకెల మధ్య విలువని కూడా లెక్కగట్టాల్సి వస్తుంది.

మరి గేమింగ్‌లో ల్యాగ్ ఎందుకు పోదు?

బ్లూటూత్‌లో సౌండ్ ఎలాగూ ఆలస్యమే. ప్యాకెట్ పోతే మళ్లీ పంపడానికి టైము కావాలి కాబట్టి ఇయర్‌బడ్స్ కొంత సౌండ్‌ని బఫర్‌లో దాచుకుంటాయి. అయినా వీడియో యాప్‌లలో పెదాలూ మాటా చాలావరకు కలుస్తాయి. ఎందుకంటే ప్లేయర్ బొమ్మని అంతసేపు ఆపుతుంది. మళ్లీ అదే సూత్రం: ముందొచ్చినది ఆగింది.

గేమ్‌లో ఈ ఉపాయం పారదు. మీరు ఫైర్ నొక్కాకే బొమ్మా, సౌండూ పుడతాయి. సౌండ్ కోసం బొమ్మని ఆపితే గేమ్ కంట్రోలే ఆలస్యమవుతుంది. కాబట్టి బఫర్‌ని తగ్గించడమే దారి. లో లేటెన్సీ మోడ్ చేసేది ప్రధానంగా ఇదే. బఫర్ తగ్గితే సిగ్నల్ బలహీనమైన చోట సౌండ్ తెగే అవకాశం పెరుగుతుంది. ఏదీ ఊరికే రాదు.

టీవీకి సౌండ్‌బార్ పెట్టుకున్నవాళ్లకి ఇంకో మాట. సౌండ్‌బార్‌లో ఉండే ఏవీ సింక్ సెట్టింగ్ మామూలుగా సౌండ్‌ని ఆపడానికే. పెదాల కంటే మాట ముందొస్తుంటే పెంచండి, పని చేస్తుంది. మాటే వెనక వస్తుంటే దాన్ని పెంచి లాభం లేదు. సున్నాలో పెట్టి, బ్లూటూత్ బదులు హెచ్‌డీఎంఐ ఆర్క్ కేబుల్‌తో ప్రయత్నించండి. ఈ తేడా తెలీక మంచి సౌండ్‌బార్‌ని రిటర్న్ చేయకండి.

మీరే కొలవండి

దీనికి రెండు ఫోన్లు, ఒక పియానో యాప్, ఆడాసిటీ లాంటి ఉచిత ఎడిటర్ చాలు.

1. ఇయర్‌బడ్స్ కనెక్ట్ చేసి, ఒక బడ్‌ని రెండో ఫోన్ మైకు పక్కన పెట్టి, అందులో రికార్డింగ్ ఆన్ చేయండి.
2. మొదటి ఫోన్‌లో పియానో కీని గోటితో టక్కుమని కొట్టండి. గోటి చప్పుడు, దాని వెనక పియానో స్వరం రెండూ రికార్డవుతాయి.
3. ఎడిటర్‌లో ఆ రెండింటి మధ్య టైము చూడండి. పదిసార్లు కొట్టి సగటు తీయండి.
4. బ్లూటూత్ ఆపి ఫోన్ స్పీకర్‌తో మళ్లీ చేయండి.
5. మొదటి సగటులోంచి రెండోది తీసేయండి. ఉదాహరణకి 310, 90 వస్తే, ఫోన్ స్పీకర్‌తో పోలిస్తే ఇయర్‌బడ్స్ అదనంగా కలిపిన ఆలస్యం 220 మిల్లీసెకన్లు.

ఇకనుంచి నా రివ్యూల్లో ‘ల్యాగ్ ఉంది’ అని ఒక్క ముక్కతో వదిలేయను. ఎంత ఉంది, ఎప్పుడూ అంతే ఉంటోందా, దాని కోసం ఎవరు ఆగాల్సి వస్తోంది, ఈ మూడూ రాస్తాను. ఆలస్యం స్థిరంగా ఉండి, ఎంతో తెలిస్తే, దాంతో పని చేయించుకోవచ్చు. ఎంతో తెలీని ఆలస్యంతోనే ఇబ్బంది.

ఇంతకీ ఆ రోజు డిలే పెట్టాక నేను వెనక్కి వెళ్లేసరికి నాయనమ్మ చేతులు జోడించి వింటోంది. “ఇప్పుడెలా ఉంది?” అని అడిగితే, నోటి మీద వేలేసుకుని “ష్” అంది.