ఎల్ఫులును గంధర్వులును

కిందటి విద్యాసంవత్సరమున ఏడవ తరగతి విద్యార్థి యొకడు నన్నొక ప్రశ్న యడిగెను. అతడు సెల్‌ఫోనులో ఆడుకొను ఆటయందు ఎల్ఫు అను వీరుడొకడు కలడట. సన్నని దేహము, కొనదేలిన చెవులు, చేత విల్లు, ఎన్ని వందల యేండ్లు గడచినను ముడుతపడని ముఖము. వానిని తెలుగులో ఏమనవలెనని బాలుని ప్రశ్న. దయ్యమని చెప్పబోయి ఆగితిని. దయ్యము చచ్చినవారి ఛాయ. ఎల్ఫు ముదిమి యెరుగనివాడు. దేవుడందమన్నచో అదియును పొసగదు. దేవునకు మ్రొక్కుదుము, ఎల్ఫుతో కలిసి నడతుము. ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. తరువాత చదివి ఆలోచించిన విషయములను తల్లిదండ్రులగు చదువరుల యెదుట ఉంచుచున్నాను.

ఎల్ఫు అనునది ఐరోపా ఖండపు ఉత్తరదేశముల మాట. ఐస్‌లాండు పండితుడు స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతమున కూర్చిన ఎడ్డా అను గ్రంథమున, వెలుగు ఎల్ఫులు సూర్యునికంటె చూడ చక్కనివారనియు, చీకటి ఎల్ఫులు భూమిలోపల నివసించువారనియు చెప్పబడినది. ఇంగ్లండులో పూర్వకాలమున ఒంటిలో హఠాత్తుగా పోటు పుట్టినచో ఎల్ఫులు బాణము వేసిరని తలచి మంత్రించెడివారు. మన పల్లెలలో గాలి సోకినదని వేపమండ తెచ్చుటవంటిదే యిది. షేక్స్‌పియరు కాలమునకు ఆ జాతివారు పూవులచాటున దాగునంత చిన్నవారైపోయిరి. వారికి మరల నిలువెత్తు రూపమును, గాంభీర్యమును ఇచ్చినవాడు టోల్కీను అను ఆంగ్లరచయిత.

టోల్కీను 1892లో జన్మించి 1973లో మరణించెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచీనాంగ్లభాషకు ఆచార్యుడు. 1937లో హాబిట్ అను బాలల నవలను, 1954, 1955 సంవత్సరములలో మూడు సంపుటములుగా లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అను మహాకథను ప్రకటించెను. 1974లో అమెరికాలో గారీ గైగాక్సు, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను ఆటను వెలువరించిరి. కాగితము, పాచికలు, ఊహాశక్తి, ఇవియే దాని పరికరములు. అందు ఆటగాడు మనుష్యుడుగనో ఎల్ఫుగనో తన్ను తాను భావించుకొని ఆడవచ్చును. అక్కడినుండి ఎల్ఫులు కంప్యూటరు ఆటలకును, నేడు మన పిల్లల చేతిలోని యంత్రమునకును వలస వచ్చిరి.

బాలుడు ఇందరు వీరులుండగా ఎల్ఫునే యేల కోరుకొనును? బలముకొరకు కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలికాలపు నియమములలో ఎల్ఫునకు చురుకుతనము హెచ్చు, దేహదార్ఢ్యము తక్కువ. నా యభిప్రాయమున కారణము వేరు. ఎల్ఫు మనవంటివాడే గాని, మనము ఒక్క జన్మమున చేరలేని దూరమునకు చేరినవాడు. అతడు విల్లెత్తినచో దాని వెనుక మూడువందల యేండ్ల సాధన కలదు. పాట పాడినచో ఆ పాట పుట్టిననాడు తానక్కడ నుండినవాడు. పదేండ్ల బాలునకు తాతగారు చెప్పు సంగతులపట్ల ఎట్టి విస్మయము కలుగునో, అట్టి విస్మయమే ఎల్ఫుపట్ల కలుగును. తాతగారికి లేని యౌవనము మాత్రము అదనము.

అంతతో ఆగినచో ఎల్ఫు వట్టి అసూయాపాత్రుడై యుండును. టోల్కీను అతనికొక దుఃఖమును గూడ జోడించెను. ఆయన కథలో ఎల్ఫులు లోకమున్నంతకాలము ఉందురు. కావున లోకమును విడువలేరు. నాటిన చెట్లు కూలుటయు, స్నేహించిన మనుష్యులు మడియుటయు కన్నులార చూడవలెను. కథ ప్రారంభమగుసరికే వారు ఓడలెక్కి పశ్చిమసముద్రము దాటి పోవుచుందురు. చదువరి వారిని కలిసికొనునది వారు వెడలిపోవుచున్న వేళ. ఆర్వెన్ అను ఎల్ఫురాజకుమారి మాత్రము, మనుష్యుని ప్రేమించి, అతనితోపాటు చావును గూడ వరించి నిలిచిపోవును.

ఈ ఘట్టము చదివినప్పుడు తెలుగువారికి వరూధిని స్ఫురింపక మానదు. పదునారవ శతాబ్దిలో కృష్ణదేవరాయల ఆస్థానమందలి అల్లసాని పెద్దన మనుచరిత్రమున చెప్పిన కథ యిది. ప్రవరుడు పాదలేపము మహిమచే హిమాలయము చేరును. మంచుకు లేపము కరగిపోవును. దారి యడుగబోయి అప్సరస యగు వరూధిని కంటబడును. అచ్చట అమర్త్య మర్త్యుని వేడుకొనును. అతడు తన యిల్లు, తన యగ్నిహోత్రము తలచుకొని వెడలిపోవును. వరూధిని తిరస్కరించిన గంధర్వుడొకడు ప్రవరుని రూపు దాల్చి ఆమెను చేరును. మనుష్యులు ఎల్ఫులుగా నటించి ఆడుకొను ఈ కాలమున, ప్రేమకొరకు మనుష్యుడుగా నటించిన గంధర్వుని కథ మనకు నాలుగువందల యేండ్లకు పైబడి కలదన్నమాట!

1961లో వచ్చిన జగదేకవీరుని కథ అను చలనచిత్రమును మన పెద్దలు అనేకులు చూచియుందురు. ఇంద్రకుమారి చీరను దాచి ఆమెను పెండ్లాడుట, చీర చేజిక్కగనే ఆమె స్వర్గమునకు ఎగిరిపోవుట అందలి ముఖ్యసంఘటనలు. అంతకుముందు 1944లోనే తమిళమున జగదలప్రతాపన్ వచ్చియుండెను. హంసకన్య యీకెలవస్త్రమును దాచిన వాని కథ ఐరోపా ఉత్తరదేశములందును కలదు. మధిర సుబ్బన్నదీక్షితులవారి కాశీమజిలీ కథలలోను, 1947లో మద్రాసున తెలుగునను తమిళమునను మొదలై, ఇప్పుడు ఆగిపోయిన చందమామ పుటలలోను గంధర్వులు, యక్షులు, విద్యాధరులు కొల్లలు. మన కథలలో వీరు తరచు శాపవశమున భూమికి దిగి, శాపము తీరగనే పోవుదురు. ఎల్ఫు ఈ నేలనే పుట్టి, ఈ నేలను విడుచును. ఈ భేదమొక్కటి గమనింపదగినది. తరిచి చూడగా ఎల్ఫునకు మిక్కిలి దగ్గరివాడు విద్యాధరుడని నాకు తోచినది. మనుష్యాకారము, పర్వతములపై పట్టణములు, విద్యలచే సిద్ధించిన మహిమ, మనుష్యులతో చుట్టరికము, అన్నియు అతనికి కలవు. పదునొకండవ శతాబ్దిలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున నరవాహనదత్తుడను మానవరాజకుమారుడు విద్యాధరులకే చక్రవర్తి యగును.

గ్రంథములవరకు పోనక్కరలేదు, ఈ కరిసలు సీమలోనే వారి జాడలు కలవు. 1799లో కయత్తారున ఉరితీయబడిన వీరపాండ్య కట్టబొమ్మని కులదేవత జక్కమ్మ. యక్ష శబ్దమునకు ప్రాకృతరూపము జక్ఖ. తెలుగున యక్షిణిని జక్కిణి యందుము. తెల్లవారుజామున డమరుకము వాయించుచు, జక్కమ్మ పలుకుచున్నదని జోస్యము చెప్పువానిని చూచి మన పిల్లలు తలుపుచాటున నక్కుదురు. ఆ పేరులో ఒక యక్షకాంత దాగియున్నదని వారికెవ్వరు చెప్పుదురు?

ఇక మన పూర్వులు ఉత్తరమునుండి వచ్చిన కథ కలదు. కన్యను కోరిన ప్రభువునకు వెరచి రాత్రికి రాత్రి బయలుదేరిన కుటుంబములకు నిండుగా పారు నది యడ్డమాయెను. ఇరుగట్టులనున్న రెండు చెట్లు వంగి, కొమ్మలు కలిపి, వంతెనయై వారిని దాటించెను. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ప్రకటించిన దక్షిణదేశపు కులముల గ్రంథమునందును ఈ కథ కలదు. కోవిల్‌పట్టి దాపున ఇడైసెవల్‌లో, తెలుగు మాటాడు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో తమిళమున వెలువరించిన గోపల్ల గ్రామము అను నవలకు ఆ వలసయే మూలము. ఎల్ఫుల యడవులలో చెట్లకు మనసున్నదని చదివి అబ్బురపడు బాలుడు, తన ముత్తాతల ముత్తాతలను చెట్టు దాటించినదని యెరుగకపోవుట వింతగా లేదా?

భాషాల్పసంఖ్యాకులమైన మనము మరువరాని సంగతి యొకటి మిగిలినది. టోల్కీను కథలు వ్రాసి, పిదప వానికి భాషలను అమర్చినవాడు కాడు. ఫిన్నిషు భాషపై మక్కువతో క్వెన్యా యనియు, వెల్షు భాషపై మక్కువతో సిందారిన్ అనియు రెండు భాషలను కల్పించి, వానిని మాటాడువారు ఉండవలెనని కథలల్లెను. ఈ మాట ఆయనయే చెప్పియున్నాడు. ఆయన మరణానంతరము 1977లో వెలువడిన సిల్మరిలియన్ అను గ్రంథమున ఒక ఘట్టము కలదు. సముద్రము దాటి పరాయినేలకు వచ్చిన ఎల్ఫులు క్వెన్యా మాటాడెడివారు. వారు బంధుహత్య చేసిరని విని, ఆ నేలనేలు థింగోలు రాజు ఆ భాష తన రాజ్యమున వినబడరాదని శాసించెను. వారు స్థానికుల సిందారినును వాడుకచేసికొనిరి. కొన్ని తరములకు క్వెన్యా శాస్త్రములకును వేడుకలకును మాత్రమే మిగిలినది. మన నట్టింట తెలుగు మాటాడరాదని ఏ రాజును శాసింపలేదు. అయినను పండుగకు, పెండ్లికి, పెద్దల కాళ్లకు మ్రొక్కు వేళకు మాత్రమే తెలుగు వినబడు ఇండ్లు నాకు తెలియును. తమిళము మనకు అన్నము పెట్టు భాష. దానిని చక్కగా నేర్వవలసినదే. నా తగవు తమిళముతో కాదు, రాత్రి భోజనానంతరము కథ చెప్పవలసిన వేళను మింగివేయు మన సోమరితనముతో.

ఇన్ని చదివిన పిదప ఆ బాలునకు విద్యాధరుడను మాట చెప్పితిని. అతనికి నచ్చినది, నోటుపుస్తకమున వ్రాసికొనెను. తరగతిలో అందరికిని చెట్ల వంతెన కథ చెప్పితిని. అవి యే చెట్లని పిల్లలడిగిరి. థర్‌స్టన్ పేర్కొన్న చెట్టు మన పొలముల గట్లపై నిత్యము కనబడునదే. పుంగమరము అనగనే అందరును చేతులెత్తిరి. దాని తెలుగుపేరు చెప్పుడని యడిగితిని. నలువదిమందిలో ఇరువురు మాత్రమే కానుగ యనిరి. వారిలో ఒకని ఇంట అవ్వగారు ఇంకను ఉన్నారు.