మూడో గుప్పెడు మట్టి

ముస్లిం ఇంట ఎవరైనా కన్నుమూస్తే ఖననానికి ఆలస్యం చెయ్యరు. వీలైతే ఆ రోజే సాగనంపుతారు. ఆ కొద్ది గంటల్లో జరిగే పనులన్నీ దూరప్రయాణానికి మనిషిని సిద్ధం చేస్తున్నట్టే ఉంటాయి.

గుసుల్: మయ్యత్‌ను (భౌతికకాయాన్ని) తఖ్తా (బల్ల) మీద పడుకోబెట్టి, బొడ్డు నుంచి మోకాళ్ల దాకా గుడ్డ కప్పే ఉంచుతారు. మగవారికి మగవారు, ఆడవారికి ఆడవారు స్నానం చేయిస్తారు. రేగాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. ముందు నమాజుకు చేసుకునేలాంటి వుజూ (ముఖం, చేతులు, కాళ్లు కడగడం) చేయిస్తారు. నోట్లో, ముక్కులో మాత్రం నీళ్లు పొయ్యరు, తడిగుడ్డతో తుడుస్తారు. ఆపైన కుడిపక్క, తర్వాత ఎడమపక్క కడుగుతారు. మూడుసార్లు పోస్తారు. చాలకపోతే ఐదు, ఏడు. లెక్క బేసిగానే ఉండాలి. చివరి నీళ్లలో కర్పూరం కలుపుతారు.

కఫన్: కుట్టని తెల్లగుడ్డ. హనఫీ పద్ధతిలో మగవారికి మూడు, ఆడవారికి ఐదు. అడుగున లిఫాఫా (పైచుట్టు దుప్పటి), దానిమీద ఇజార్ (లోపలి దుప్పటి), ఆపైన ఖమీస్ (చొక్కాలాంటిది). సజ్దాలో (సాష్టాంగంలో) నేలకు తగిలే నుదురు, ముక్కు, అరచేతులు, మోకాళ్లు, పాదాలకు కర్పూరం రాస్తారు. ఎడమ అంచు ముందు మడిచి, కుడి అంచు దానిపైకి తెస్తారు. తల, నడుము, కాళ్ల దగ్గర గుడ్డపీలికలతో ముళ్లు వేస్తారు.

జనాజా నమాజ్: ఇది నిలబడే చేస్తారు. రుకూ (వంగడం), సజ్దా లేవు; నాలుగు తక్బీర్లు ('అల్లాహు అక్బర్' అనడం). కొందరు చేస్తే అందరి బాధ్యతా తీరుతుంది, ఒక్కరూ చెయ్యకపోతే తప్పు అందరిదీ. తర్వాత భుజాలు మార్చుకుంటూ ఖబ్రస్తాన్‌కు మోస్తారు.

ఖబర్: నమాజుకు ముఖం తిప్పే కాబా మనకు పడమటి దిక్కు. అందుకే గొయ్యి ఉత్తర దక్షిణాలుగా తవ్వి, తల ఉత్తరానికి, ముఖం పడమటికి ఉండేలా దించుతారు. గట్టినేలైతే పడమటి గోడలోనే గూడు తొలుస్తారు, గుల్లనేలైతే మధ్యలో కాలవలా తీస్తారు. దించాక కఫన్ ముళ్లు విప్పేస్తారు. దారిలో గుడ్డ చెదరకుండా వేసినవే అవి. పైన బండలో చెక్కలో పరుస్తారు.

మిట్టీ: వచ్చినవారంతా తల వైపు నుంచి మూడేసి గుప్పిళ్లు వేస్తారు. ఒక్కో గుప్పెటికి తాహా సూరా 55వ ఆయత్‌లోని ఒక్కో భాగం చదువుతారు. మొదటిది మట్టి నుంచి పుట్టడం గురించి, రెండోది మట్టిలో కలవడం గురించి, మూడోది ఆ మట్టిలోంచే మళ్లీ లేవడం గురించి.

ఈ తయారీ అంతా ఆ మూడో గుప్పెడు కోసమే. చావుకూ ఖయామత్‌కూ (మళ్లీ లేచే రోజుకూ) నడుమ ఉన్న కాలం బర్జఖ్. జనం వెనుదిరిగాక మున్కర్, నకీర్ అనే దూతలు వచ్చి ప్రభువు, ధర్మం, ప్రవక్త గురించి అడుగుతారని నమ్మకం. జవాబును బట్టి ఖబర్ విశాలమో ఇరుకో అవుతుంది. అసలు ఇల్లు తేలేది లెక్కల రోజునే: ఎనిమిది ద్వారాల జన్నతా (స్వర్గమా), ఏడు ద్వారాల జహన్నమా (నరకమా) అని.

గోల్కొండ సుల్తానులు సమాధులపై గుంబజులు లేపుకున్నారు గానీ, సంప్రదాయం చెప్పేది నేలకు జానెడు ఎత్తే. మజిలీలో మేడ ఎవరు కట్టుకుంటారు?