ఒంగోలు బాప్తిస్టు సంఘ చరిత్రము



ఒంగోలు సంఘము పేరు వినగానే మనలో ననేకులకు 2,222 అను సంఖ్య జ్ఞప్తికి వచ్చును. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో అంతమంది బాప్తిస్మము పొందిరి. సంఖ్యను కంఠస్థము చేయుట సులభము. అది యెట్లు సిద్ధించెనో గ్రహించుటకు కొంత శ్రమ కావలెను. ఆ జనులు కరవు కాలమున కూటికొరకే మతములో చేరిరను నింద నేటికిని అక్కడక్కడ వినబడుచున్నది. ఆ నింద నిజమా, కాదా? ఈ పాఠమున విచారింతము.

1. ఒంటరి నక్షత్రము

అమెరికా బాప్తిస్టులు తెలుగువారి యొద్దకు పంపిన మొదటి మిషనెరీ శామ్యూల్ డే గారు. ఆయన 1836లో హిందూదేశమునకు వచ్చి, 1840లో నెల్లూరు చేరెను. ఏండ్లు గడచినను విశ్వాసులు స్వల్పముగానే యుండిరి. 1853లో ఆల్బనీ నగరమున జరిగిన సభలో ఈ మిషనును మూసివేయుదమా యను ప్రశ్న పుట్టెను. పటములో ఒంటరిగానున్న ఈ స్థలమునుగూర్చి స్మిత్ గారు ‘ఒంటరి నక్షత్రము’ అను గీతమును వ్రాసిరి. మిషను నిలిచెను. 1854 జనవరి 1వ తేదీ ఉదయమున జూవెట్ దొరగారును, దొరసానిగారును, ముగ్గురు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండ నెక్కి, ఆ ప్రాంతమునకు బోధకుని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థన కొండయని పేరు కలిగెను.

2. ఎనమండుగురు

1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండ వచ్చిరి. 1867 జనవరి 1వ తేదీన సంఘము స్థాపింపబడినప్పుడు సభ్యులు ఎనమండుగురు మాత్రమే. అయితే వృద్ధికి బీజము అంతకుముందే పడియుండెను. తాళ్లకొండపాడు నివాసియైన యెర్రగుంట్ల పేరయ్యగారు మాదిగ కులస్థుడు. తోళ్ల వ్యాపారము చేయువాడు. సత్యమును వెదకుచు యోగమార్గము నభ్యసించి, తనవారిలో గురువుగా గౌరవము పొందినవాడు. ఆయన 1866లో భార్యయగు నాగమ్మతో కూడ బాప్తిస్మము పొంది, ఊరూర తన బంధువులకు సువార్త చెప్పెను. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ గ్రామ ప్రాంతమునకు పోగా, కొన్ని దినములకు సరిపడు భోజన పదార్థములు వెంట తెచ్చుకొని జనులు కూడి వచ్చిరి. వారిలో 28 మంది బాప్తిస్మము పొందిరి.

అంతట పరీక్ష వచ్చెను. మాదిగలను చేర్చుకొనినచో తాము రామని ఒంగోలులోని అగ్రకులస్థులు చెప్పిరి. దొరగారును, దొరసానిగారును ఒకరి సంగతి ఒకరెరుగక, వేర్వేరు గదులలో బైబిలు తెరవగా, ఇద్దరికిని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయములోని ఒకే భాగము కనబడెను. బీదలకు ద్వారము మూయబడలేదు. చేరువారు విగ్రహములను పూజింపరాదు. ఆదివారమున పని చేయరాదు. చచ్చిన పశువు మాంసము తినరాదు అను మూడు నియమములు మాత్రము విధింపబడెను. గ్రామములో వెట్టి చేయువారికి ఇవి తేలికయైన నియమములు కావు. ఆదివారమున పనికి రానన్నవాడు రైతు కోపమునకు గురికావలసి యుండెను.

3. కరవు, కాలువ

1876 మొదలు 1878 వరకు చెన్నపురి రాజధానిలో ఘోరమైన కరవు కలిగెను. క్లౌ దొరగారు యౌవనమున అమెరికాలో భూమి కొలతల పని నేర్చినవారగుటచే, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొనిరి. బోధకులే మేస్త్రీలైరి. పురుషులు త్రవ్వగా స్త్రీలు గంపలతో మన్ను మోసిరి. పని విరామమున బోధకులు వారితో కూర్చుండి క్రీస్తునుగూర్చి చెప్పిరి. అనేక గ్రామములవారు అచ్చట కూడుటచే ఆ మాట దూరదూరములకు ప్రాకెను.

వేలకొలది జనులు బాప్తిస్మమడిగిరి. కరవు సహాయము దొరకుచున్న కాలమున అడిగినవారి మనస్సు తెలియదని, 1877 మార్చి మొదలు పదిహేను నెలలు ఒక్కరికైనను బాప్తిస్మమియ్యలేదు. సహాయము ముగిసిన పిమ్మట సయితము జనులు వచ్చి, తమకు ధనము వలదనియు, కష్టపడి బ్రతికితిమనుటకు చేతుల బొబ్బలే సాక్షులనియు, చచ్చినను క్రైస్తవులుగానే చావగోరుదుమనియు పట్టుబట్టిరి. కూలి నిలిచిన తరువాత వచ్చినవారిని కూటికొరకు వచ్చిరనుట న్యాయమా?

4. వెల్లంపల్లి రేవు

ఒంగోలుకు ఉత్తరమున వెల్లంపల్లియొద్ద జూలై 2వ తేదీన 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, వెరసి 3,536 మంది బాప్తిస్మము పొందిరి. జూలై 3న తెలుగు బోధకులు ఆరుగురు, ఒక్కమారు ఇద్దరు చొప్పున, వంతులవారీగా నీటిలో నిలిచిరి. క్లౌ దొరగారు ఆ దినమున ఒక్కరికైనను స్వయముగా ఇయ్యలేదు. పని సుమారు తొమ్మిది గంటలు జరిగినదనుకొని లెక్క వేసి చూడుడు: ఒక్కొక్క బోధకునికి అర నిమిషమున కొకరు వచ్చినట్లగును. ఇది తొందరపాటనువారు పదిహేను నెలల నిరీక్షణమును లెక్కలో చేర్చుకొనవలెను.

తరువాత సంఘము ఇరువదివేల సభ్యులకు పెరిగి, ప్రపంచములోని బాప్తిస్టు సంఘములలో మిక్కిలి పెద్దదని ప్రసిద్ధి కెక్కెను. ఒక్క దొరగారు అంతమందిని కాయుట సాధ్యము కానందున, 1880 తరువాత కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల మొదలగునవి వేరు కేంద్రములుగా నేర్పడెను.

5. మనము చేయవలసినది

మిషనెరీల పేళ్లు పుస్తకములలో నున్నవి. మన్ను మోసిన తల్లుల పేళ్లు మాత్రము మిక్కిలి తక్కువగా వ్రాయబడినవి. కావున ప్రతి విద్యార్థియు సెలవులలో ఇంటి పెద్దలనడిగి, తన గ్రామ సంఘములో మొదట చేరినదెవరు, వారికి వార్త తెచ్చినదెవరు, వారు పడిన కష్టమేమి అను మూడు ప్రశ్నలకు ఉత్తరములు వ్రాసి దాచవలెను. తలిదండ్రులు వారికి తోడ్పడుదురు గాక. 2,222 అనునది యొక సంఖ్య కాదు; 2,222 పేళ్లు.