ఆర్కేడ్ క్యాబినెట్‌ను ఆపేదెలా?

ప్రశ్న: రాస్ప్‌బెర్రీ పై 4 పెట్టి ఇంట్లో ఆర్కేడ్ గేమ్ క్యాబినెట్ చేశాను. ఆట అయిపోగానే పిల్లలు గోడ స్విచ్ కట్టేస్తున్నారు. ఏమైనా పాడవుతుందా?

జవాబు: అవుతుందండీ. ముందు దెబ్బతినేది మెమరీ కార్డు. దాని మీద ఏదో రాస్తుండగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోతాయి, ఒక్కోసారి సిస్టమ్ మళ్లీ లేవనే లేవదు.

మెనూలో షట్‌డౌన్ ఉంటుంది గానీ, పిల్లలు అంత దూరం వెళ్లరు. బటన్ పెట్టండి. కాలింగ్‌బెల్ స్విచ్‌లా నొక్కి వదిలితే వెనక్కొచ్చే రకం కావాలి. దాని రెండు వైర్లనూ బోర్డు మీది 5, 6 నంబరు పిన్నులకు కలపండి. 5 అంటే జీపీఐఓ 3, 6 గ్రౌండ్. కాన్ఫిగ్ ఫైల్లో జీపీఐఓ-షట్‌డౌన్ ఓవర్‌లే లైను చేర్చి రీబూట్ చేయండి. ఇక ఒకసారి నొక్కితే పద్ధతిగా ఆగుతుంది, మళ్లీ నొక్కితే లేస్తుంది. 5వ నంబరు పిన్నును ఐ2సీ పరికరమేదీ వాడుకోకుండా చూసుకోండి.

ఆగాక కూడా బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. దాని మీది పచ్చలైటు మెరవడం పూర్తిగా మానాకే గోడ స్విచ్ కట్టాలి. పిల్లలకు ఆ లైటు కనబడేలా పక్క చెక్కకు చిన్న రంధ్రం పెట్టండి. కరెంటు కోతలకు మాత్రం ఈ బటన్ అడ్డుపడలేదు. అందుకని కార్డుకు ఒక కాపీ ఈరోజే తీసి దాచండి.