పోటీ పరీక్షల ప్రత్యేకం: ‘బిలాంగ్’తో జాగ్రత్త
వాక్యంలో తప్పు పట్టమనే ప్రశ్నలకు ‘బిలాంగ్’ మంచి సరుకు. ఇది స్థితిని తెలిపే క్రియ. సాధారణంగా ‘ఇంగ్’ రూపంలో రాదు. ‘దిస్ హౌస్ ఈజ్ బిలాంగింగ్ టు మై అంకుల్’ తప్పు, ‘బిలాంగ్స్ టు’ ఒప్పు. కర్మణి ప్రయోగమూ లేదు. ‘ఈజ్ బిలాంగ్డ్ టు’ కనిపిస్తే కళ్లు మూసుకుని కొట్టేయండి. వస్తువు ఫలానావారిదని చెప్పాలన్నా, పార్టీలోనో సంఘంలోనో సభ్యుడని చెప్పాలన్నా వెంట ‘టు’ ఉండాల్సిందే. వస్తువు ఉండాల్సిన చోటు చెప్పేటప్పుడు మాత్రం ‘ఇన్’, ‘ఆన్’ లాంటివి వస్తాయి: ‘ద మిల్క్ బిలాంగ్స్ ఇన్ ద ఫ్రిజ్’. ఇంటర్వ్యూల్లో మనవాళ్లు ‘ఐ బిలాంగ్ టు గుంటూర్’ అంటుంటారు. ఊరు చెప్పడానికి ‘ఐయామ్ ఫ్రమ్ గుంటూర్’ చాలు. సొంత సామాన్లనే అర్థంలో ‘బిలాంగింగ్స్’ ఎప్పుడూ బహువచనమే.