విక్రమార్కుని మౌనము - ఆటగాని నిర్ణయము

1947 జూలైలో మద్రాసు నుండి వెలువడిన 'చందమామ' పత్రికను ఎరిగినవారికి విక్రమార్కుని పరిచయము చేయనక్కరలేదు. ఆ రాజు చెట్టు మీది శవమును దించి భుజమున వేసికొని మౌనముగా శ్మశానము వైపు నడచును. శవములోని బేతాళుడు ఒక కథ చెప్పి ప్రశ్న వేయును. సమాధానము తెలిసియు చెప్పకున్నచో రాజు తల పగులును. చెప్పినచో మౌనభంగమై శవము తిరిగి చెట్టెక్కును. ఈ కథను కంప్యూటరు క్రీడగా మలచవలెనని మేము నలుగురము వారాసిగూడలో ఒక మిత్రుని ఇంట కూర్చుండి పూనుకొంటిమి. ఆ ప్రయత్నమున మాకు బోధపడిన సంగతులనే ఇచట మనవి చేయుచున్నాము.

కథాప్రధానములైన క్రీడలు కొన్నింటిలో నాయకుని పేరు, రూపము, స్వభావము ఆటగాడే కల్పించుకొనును. మరికొన్నింటిలో నాయకుడు ముందే ఏర్పడియుండును. అతనికొక గతము, కొన్ని బంధములు, ఒక నడవడి కలవు. మా ఉర్దూ మిత్రులు దీనిని 'కిర్దార్' అందురు. చిక్కంతయు ఇందే యున్నది. విక్రమార్కునిచే ఏ పనినైనను చేయింపగలిగినచో అతడు విక్రమార్కుడు కాడు; ఏమియు చేయింపలేనిచో అది ఆట కాదు.

మా మొదటి ప్రతి ఘోరముగా విఫలమయ్యెను. మందారవతి కథను తీసికొంటిమి. ఆమె మరణింపగా ముగ్గురు వరులలో ఒకడు ఆమె చితాభస్మము మీదనే పరుండెను, ఒకడు ఎముకలను గంగకు గొనిపోయెను, మూడవవాడు దేశములు తిరిగి మంత్రము సంపాదించి ఆమెను బ్రదికించెను. ఆమె ఎవరి భార్య? ప్రాణమిచ్చినవాడు తండ్రివంటివాడు, అస్థులు మోసినవాడు కొడుకువంటివాడు, బూడిదను వీడనివాడే భర్త యని మూలములో రాజు తీర్పు. మేము మూడు సమాధానములను తెర మీద నుంచి, ఆ తీర్పు కానిదానిని నొక్కినవారికి 'తప్పు' అని చూపితిమి. అది ఆట గాక పరీక్షాపత్రమయ్యెను. ఒప్పు నొక్కినను ఫలము లేదు. తార్నాక నుండి వచ్చిన ఒక మిత్రుడు రెండు కథలాడి, "ఏది నొక్కినా శవం చెట్టుకే పోతది కద భాయ్, మరి నన్నెందుకు అడుగుతున్నరు?" అని లేచిపోయెను. మాకు కోపము వచ్చినది గాని జవాబు దొరకలేదు.

ప్రతి నిర్ణయమునకును కథను చీల్చుట మాకు తోచిన మొదటి ఉపాయము. లెక్క వేసితిమి. రెండేసి దారులు గల కూడళ్ళు పది యున్నచో ముగింపులు 1024. నలుగురు విద్యార్థులు వ్రాయగలిగిన పని కాదు. పెద్ద సంస్థలును వ్రాయవు. చీలిన దారులను అవి మరల కలిపివేయును.

అయినను కొన్ని క్రీడలలో నిర్ణయము బరువుగానే తోచును. 2015లో పోలండు సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్ వెలువరించిన 'ది విచర్ 3'ను చూడుడు. నాయకుడు గెరాల్ట్ సప్కోవ్‌స్కీ పుస్తకములలో ముందే రూపొందినవాడు. ఆటగాడు అతనిని వేరొకనిగా మార్చలేడు. కాని అతడు పెంచిన సిరి నిరాశలో నున్నపుడు ఆమెతో మంచుముద్దలు విసరి ఆడునా, లేక ఊరక ఓదార్చి విడిచిపెట్టునా? పెద్దల సభకు ఆమెను ఒంటరిగా పోనిచ్చునా, తానును వెంట నడచునా? కత్తియుద్ధములకంటె ఇట్టి చిన్న సంగతులే కూడి చివరకు ఆమె బ్రదుకునో లేదో తేల్చును. రెండు దారులును గెరాల్టుకు సహజములే. రెండింటను ప్రేమ యున్నది. ఒకదానిలో నమ్మకము కూడ నున్నది. 2018 నాటి 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'లో ఆర్థర్ మోర్గన్‌కు క్షయ సోకును. ఎట్లాడినను మరణము తప్పదు. ఎట్టి మనిషిగా మరణించునన్నదే ఆటగాని చేతిలోనిది.

ఇవి చూచిన పిమ్మట పాతకథను మరల చదివితిమి. సోమదేవుని 'కథాసరిత్సాగరము'లో రాజు పేరు త్రివిక్రమసేనుడు. మనకు విక్రమార్కుడే అలవాటు. చివరి కథలో తండ్రి కూతురును, కొడుకు తల్లిని పెండ్లాడుదురు. వారి సంతానమునకు పరస్పరము ఏమి వరుస? రాజునకు తోచదు, మౌనముగా నడచును. అపుడే బేతాళుడు మెచ్చి, శవమును తెమ్మన్న భిక్షువు రాజునే బలి యీయ దలచినాడని హెచ్చరించును. అనగా వెనుకటి సమాధానములు వ్యర్థములు కావు. శవము చెట్టెక్కినను ప్రతి తీర్పును బేతాళుని మనస్సున నిలిచియే యున్నది. మేమింతకాలము ఫలమును దారిలో వెదకితిమి. అది వినువాని జ్ఞాపకములో నున్నది!

రెండవ ప్రతిలో 'తప్పు' అను మాటను తీసివేసితిమి. ముగ్గురు వరులలో ఎవరిని చెప్పినను, విక్రమార్కుడు చెప్పదగిన కారణము నొకదానిని జతపరచితిమి. పారిపోవు దారి ఉండవలెనని మాలో ఒకరు పట్టుబట్టిరి గాని ఒప్పుకొనలేదు. ఆ రాజు పారిపోడు. బేతాళుడు ప్రతి తీర్పును గుర్తుంచుకొనును. చేసిన పనిని బట్టియే తండ్రి, కొడుకు, భర్త యని వరుసలు తేల్చిన ఆటగానిని చివరి కథలో అదియే ఎత్తి అడుగును: "నాడు పనిని బట్టి బంధుత్వము చెప్పితివి. నేడు ఏ పనిని చూచి చెప్పుదువు?" మొదట లేచిపోయిన మిత్రుడు ఇచట చాలసేపు ఆగెను. భిక్షువును గూర్చి బేతాళుడు హెచ్చరించుట అందరికిని సమానమే; కాని దయ చూపిన రాజుతో ఒక రీతిగను, కఠినముగా తీర్పులిచ్చిన రాజుతో వేరొక రీతిగను మాటలాడును. వ్రాయవలసినది కొన్ని పుటలే.

మౌనము విషయమున ఒక పొరపాటు చేసితిమి. 2012లో టెల్‌టేల్ సంస్థ 'ది వాకింగ్ డెడ్'లో సంభాషణకు గడువు పెట్టి, ఆటగాడు పలుకకున్నచో దానిని కూడ ఒక సమాధానముగానే ఎంచెను. విక్రమార్కునికి ఇంతకంటె తగినది లేదనుకొని మేమును గడియారము పెట్టితిమి. ఇంట ఉర్దూ మాటలాడి, తెలుగును కూడబలుకుకొని చదువు ఒక తమ్ముడు ప్రశ్న సగము చదువునప్పటికే గడువు ముగిసి, అతడు మౌనము వహించినట్లు నమోదయ్యెను. "నేను చుప్ లేను అన్నా, చదువుతున్న" అని అతడన్నపుడు మాకు సిగ్గు కలిగెను. ఇపుడు గడియారము లేదు. సమాధానముల క్రింద 'మౌనము' అను మీట వేరుగా నున్నది. దానిని నొక్కుట ఆటగాని ఇష్టము.